సిక్కాలో గల్తీ, నజర్‌లో వహమ్

రంజాన్‌కి వారం ముందు కరీంనగర్ నుంచి ఆపా ఫోన్ చేసింది. మామూలుగా సలాం అయ్యాక పిల్లలు, బీపీ, పాలవాడు అన్నీ వరసగా వస్తాయి. ఆ రోజు అవేమీ రాలేదు.

"మున్నా, దాదీ డబ్బాలో ఒక సిక్కా దొరికింది. పన్నెండు లక్షలు పలుకుతుందంట. నువ్వు ఒకసారి చూసి చెప్పు."

వెనక నుంచి మా భాంజా గొంతు. "మామూ, ఎర్రర్ కాయిన్! ఒకటి కాదు, మూడు ఎర్రర్లు. తలుపులో అక్షరం సగమే పడింది. తారీఖులో ఒక అంకె లేదు. అంచు మీద ఎక్స్‌ట్రా మెటల్ ఉంది."

కొంటామన్నది ఎవరని అడిగాను. కాసేపు ఫోన్లో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆపా నెమ్మదిగా చెప్పింది. వీడియో కింద ఉన్న నంబరుకి వాడు ఫోటోలు పంపాడు. అటు నుంచి ఎవరో రిజర్వ్ బ్యాంక్ పేరుతో మాట్లాడారు. రిజిస్ట్రేషన్ అని ఒకసారి, ఫైలు ఖర్చని ఒకసారి, ట్యాక్స్ అని ఒకసారి, మొత్తం 18,500 రూపాయలు పంపించుకున్నారు. అవి భాంజీ నర్సింగ్ కాలేజీ ఫీజుకి దాచిన పైసలు. మర్నాడు మధ్యాహ్నం లోపు ఇంకో 25,000 పంపితే ఇంటికే వచ్చి పన్నెండు లక్షలు ఇచ్చి సిక్కా పట్టుకెళ్తారట.

"ఆపా, ఇంక ఒక్క రూపాయి పంపకు. నేను రేపు పొద్దున బస్సెక్కుతా" అన్నాను.

రిజర్వ్ బ్యాంక్ పాత నోట్లు, సిక్కాల కొనుగోలు అమ్మకాల జోలికి పోదు. అందుకోసం ఎవరి దగ్గరా ఫీజు, కమీషన్ అడగదు. తన పేరు వాడుకుని మోసం చేస్తున్నారని 2021 ఆగస్టు 4న ప్రకటన కూడా ఇచ్చింది. నేను పనిచేసిన డెస్కులో ఆ వార్త నా చేతుల మీదుగానే వెళ్ళింది. లోపలి పేజీలో, చిన్నగా. మా ఆపా ఇంట్లో మా పేపర్ రాదు.

వాణ్ణి నేను తిట్టలేదు. తిట్టే హక్కు నాకు లేదు. సిక్కాల షౌఖ్ పట్టుకున్న మొదటి ఏడాది జుమేరాత్ బజార్లో రెండు వైపులా బొమ్మే ఉన్న రూపాయి చూసి నా గుండె ఝల్లుమంది. పదిహేను వందలు పోసి కొన్నాను, రెండు వారాలు అల్మారాలో తాళం వేసి దాచాను. తర్వాత ఒక పెద్దాయన, సరాఫా పనిలో కళ్ళు పండిపోయిన మనిషి, భూతద్దం పెట్టి అంచు లోపలి వైపు వెంట్రుకంత గీత చూపించాడు. ఒక సిక్కాని లోపల గిన్నెలా తొలిచి, ఇంకో సిక్కాని సన్నగా చెక్కి అందులో దిగేశారు. గారడీవాళ్ళు వాడే మాల్. "బేటా, ఇందులో టక్సాల్ గల్తీ ఏమీ లేదు. గల్తీ నీ నజర్‌లో ఉంది" అన్నాడాయన. ఆ రోజు చాలా కోపమొచ్చింది. ఆ తర్వాత ఆయన దగ్గరే కూర్చుని నేర్చుకున్నాను.

ఆయన నేర్పింది నాకు తొందరగా అర్థం కావడానికి కారణం నా నౌకరీ. తెలుగులో 'అచ్చు' అనే మాట పత్రికకీ చెల్లుతుంది, సిక్కాకీ చెల్లుతుంది. పేపర్లో 'మంత్రి' బదులు 'మంతి' అని పడిందనుకోండి. ఊళ్ళో అన్ని కాపీల్లోనూ అలాగే ఉంటే అది అచ్చుతప్పు, ప్లేటులోనే ఉన్న గల్తీ. ఒక కాపీ మడతపడి మిషన్లోకి వెళ్ళి సగం పేజీ తెల్లగా వస్తే అది కూడా ప్రెస్ గల్తీయే, కాకపోతే ఆ ఒక్క కాపీది. ఇరానీ హోటల్లో చాయ్ ఒలికి అక్షరం మాయమైతే మాత్రం దానికి ప్రెస్ జవాబుదారీ కాదు.

సిక్కా లెక్క కూడా అంతే. కావలసినవి మూడు: లోహపు బిళ్ళ, పైనా కిందా రెండు ఠప్పాలు, ఒక దెబ్బ. మన పాత సిక్కాల మీద ఊరి పేరుకి ముందు 'జర్బ్' అని ఉంటుంది. జర్బ్ అంటే దెబ్బే. అస్లీ గల్తీ ఏదైనా బిళ్ళలోనో, ఠప్పాలోనో, దెబ్బలోనో పుట్టి తీరాలి. సిక్కా చేతికొస్తే 'ఇది టక్సాల్లో ఎలా జరిగి ఉంటుంది?' అని నన్ను నేను అడుక్కుంటాను. ఆ ఖిస్సా మొదటి నుంచి చివరిదాకా చెప్పగలిగితేనే గల్తీ. చెప్పలేకపోతే నూటికి తొంభై తొమ్మిదిసార్లు అది బజార్లో తగిలిన గాయమో, మన వహమో అయి ఉంటుంది.

బస్సులో భాంజా పంపిన ఫోటోలు చూసుకుంటూ వెళ్ళాను. చార్మినార్ రూపాయి. మన రియాసత్ హాలీ సిక్కా.

దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మనవాళ్ళ ఇళ్ళలో డబ్బాలు తెరిస్తే ఎక్కువగా బయటపడేది ఇదే, అందరూ పొరపాటు పడేదీ దీని దగ్గరే. 1857 దాకా హైదరాబాద్ సిక్కాల మీద ఢిల్లీ బాద్‌షా పేరు ఉండేది. గదర్ తర్వాత ఆ పేరు పోయింది. అఫ్జల్ ఉద్దౌలా హయాంలో దాని జాగాలో 'నిజాముల్ ముల్క్ ఆసఫ్ జాహ్ బహాదుర్' వచ్చింది. అది మొదటి నిజాం ఖితాబ్. గద్దె మీద ఎవరున్నా అదే ఇబారత్. అందుకే నిజాం సిక్కా మీద ఆ నిజాం సొంత పేరు వెతికితే కనపడదు. పేరు లేదు కాబట్టి ఎర్రర్ అనుకున్నవాళ్ళను నేను చూశాను.

ఆ ఇబారత్‌తో పాటే 92 అనే అంకె ఉంటుంది. ఇది కొత్తవాళ్ళని బాగా తికమక పెడుతుంది. తారీఖు ఒకటి కిందనే ఉంది, మరి ఈ 92 ఏంటి? సన్ తప్పు పడిందా? పడలేదు. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4. కలిపితే 92. అది హుజూర్ ముబారక్ నామ్, ముహమ్మద్. 786 తెలిసిన మన పిల్లలకి కూడా 92 తెలియదు. (786 నంబరు నోట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. అది గల్తీ కాదు, అఖీదత్. దాని ధర కొనేవాడి దిల్‌ని బట్టి ఉంటుంది. నా పర్సులో కూడా ఒకటి ఉంది, అమ్మను.)

మెహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1903 ప్రాంతంలో, సైఫాబాద్ టక్సాల్లో మిషన్లతో సిక్కాలు పడటం మొదలైంది. చార్మినార్ బొమ్మ అప్పుడే వచ్చింది. చార్మినార్ దర్వాజాలో ఒక చిన్న అక్షరం పెట్టారు. మెహబూబ్ కాబట్టి మీమ్. ఆయన 1911 ఆగస్టు 29న ఇంతిఖాల్ అయ్యారు, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. ఉస్మాన్ రాయడం మొదలయ్యేది ఐన్‌తో కాబట్టి దర్వాజాలోకి ఐన్ వచ్చింది. అయితే మొదట్లో పడిన రూపాయిల్లో ఆ ఐన్‌కి తల మాత్రమే ఉంటుంది, కింద పొట్ట ఉండదు. తర్వాతి వాటిలో నిండు ఐన్ ఉంటుంది. సిక్కాలు సేకరించేవాళ్ళు వీటిని సగం ఐన్, పూర్తి ఐన్ అని పిలుస్తారు.

మా భాంజా మొదటి 'ఎర్రర్' ఇదే. ఉర్దూ ఖాయిదా చదివినవాడికి ఇందులో వింత ఏమీ కనపడదు. మాట మొదట్లో వచ్చి పక్క అక్షరంతో కలిసే ఐన్ అలాగే ఉంటుంది, తల మాత్రమే. దెబ్బ సరిగ్గా పడక విరిగిన అక్షరం అయితే అంచులు మసకగా కరిగిపోయి ఉండాలి, చుట్టుపక్కల మీనార్ల గీతలు కూడా పల్చబడాలి. ఇక్కడ దర్వాజా కమాను గీత గీసినట్టు ఉంది, ఐన్ తల నున్నగా ముగిసింది. ఠప్పా చెక్కినవాడే అలా చెక్కాడు. అచ్చుతప్పు కాదు, మొదటి ముద్రణ. పుస్తకాల షౌఖ్ ఉన్నవాళ్ళకి మొదటి ముద్రణ అంటే ఖద్ర్ ఉన్నట్టే దీనికీ ఉంది. పూర్తి ఐన్ కంటే ఎక్కువ ధర పలుకుతుంది. లక్షలు మాత్రం కాదు.

రెండో ఎర్రర్ వినగానే నాకు నవ్వు, బాధ కలిసి వచ్చాయి. తారీఖులో 133 ఉంది, నాలుగో అంకె జాగాలో చుక్క తప్ప ఏమీ లేదు అన్నాడు. బేటా, ఆ చుక్కే అంకె. ఉర్దూ అంకెల్లో సిఫర్‌ని చుక్కగానే రాస్తారు. 1330 హిజ్రీ. వాడు ఇంగ్లీషు మీడియం. ఇంట్లో దఖనీ గలగలా మాట్లాడతాడు, చదవడం రాదు. 'ఇది వీడియోలో కూడా చెప్పారు మామూ' అన్నాడు. చెప్పినవాడికి కూడా చదవడం రాదన్నమాట.

తారీఖుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. సిక్కాకి ఒక వైపు హిజ్రీ సన్, రెండో వైపు జులూస్ సన్, అంటే గద్దెనెక్కి ఎన్నో ఏడాదో ఆ అంకె. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1329 రంజాన్ నెలలో. కాబట్టి జులూస్ ఏడాది రంజాన్‌లో మారుతుంది, హిజ్రీ ఏడాది ముహర్రంలో మారుతుంది. ఒకే 1330తో జులూస్ 1 కూడా రావచ్చు, 2 కూడా రావచ్చు. రెండూ సహీ. లెక్క వేసుకుని చూస్తే కుదరని జోడీ దొరికితే అప్పుడు ఆలోచించాలి, టక్సాల్లో పాత ఠప్పా ఒకటి, కొత్త ఠప్పా ఒకటి కలిపి బిగించారేమో అని. అది అస్లీ గల్తీల్లో ఒక రకం. మొఘల్ సిక్కాల మీద మొదటి ఏడాదికి అంకె వెయ్యకుండా 'అహద్' అని మాట రాసేవాళ్ళు, అక్కడ 1 కోసం వెతికి లేదనుకుంటే మళ్ళీ వహమే.

చేత్తో కొట్టిన సిక్కాలైతే పూర్తిగా వేరే దునియా. వాటికి ఠప్పా పెద్దది, బిళ్ళ చిన్నది. మనిషి సుత్తితో కొడితే ఠప్పా మీది ఇబారత్‌లో ఎంత భాగం బిళ్ళ మీద పడితే అంతే. 1687లో గోల్కొండ పడిపోయాక ఔరంగజేబ్ పేరుతో ఇక్కడ పడిన రూపాయిల మీద 'దారుల్ జిహాద్ హైదరాబాద్' అని ఉండాలి. చాలా వాటిలో సగమే దొరుకుతుంది. తర్వాతి కాలపు 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' కూడా అంతే. సగం ఊరు బిళ్ళ మీద, సగం ఊరు గాల్లో. ఆ కాలానికి అది మామూలు. పక్కకి పడిన జర్బ్ అని ఎక్కువ ధర చెప్పే దుకాణాలున్నాయి, వాళ్ళకి సలాం చెప్పి వచ్చేయండి. అంచు దగ్గర చిన్న చిన్న పోట్లు, పువ్వు గుర్తులు, చంద్రవంకలు ఉంటే అవి సరాఫ్‌ల పని. వెండి లోపల దాకా ఉందా, పైపూతేనా అని పరీక్షించి తన గుర్తు గుద్దేవాడు. గుర్తు లోపలికి దిగి ఉంటుంది, చుట్టూ లోహం కొద్దిగా ఉబ్బి ఉంటుంది.

ఈ లోపలికి, బయటికి అన్న తేడా ఒక్కటి చేతికి చిక్కితే కొత్తవాళ్ళ వహమ్‌లలో సగం పోతాయి. ఠప్పాలో గుంట ఉంటే సిక్కా మీద ఉబ్బు వస్తుంది. ఠప్పా పగిలితే ఆ పగులులోకి లోహం దూరి సిక్కా మీద సన్నని గట్టులా లేస్తుంది. ఠప్పాకి తుప్పు పట్టి చిన్న గుంట పడితే సిక్కా మీద లేని నుక్తా ఒకటి పుట్టుకొస్తుంది. ఉర్దూ సిక్కాల్లో ఇది మరీ మజాగా ఉంటుంది, ఒక నుక్తా ఎక్కువైతే అక్షరమే మారిపోతుంది కదా! కాబట్టి ఉబ్బిన గీత, ఉబ్బిన చుక్క చూస్తే ఆగి ఆలోచించండి. లోపలికి చెక్కుకుపోయిన గీత అయితే చాలాసార్లు అది తాళంచెవుల గుత్తి పక్కన ఏళ్ళపాటు ఉన్నందుకు. ఇబారత్ మొత్తం పల్చగా ఉంటే జేబుల్లో అరిగింది. ఒక్క అక్షరమే పల్చగా ఉండి పక్కవి పదునుగా ఉంటే ఠప్పా గుంటలో నూనె, మురికి పేరుకుని ఉండొచ్చు. అది టక్సాల్లో జరిగినదే గానీ, దానికి బజార్లో పెద్ద ఇజ్జత్ లేదు.

బరువు సంగతి కూడా చెప్పాలి. అంగ్రేజీ రూపాయి 11.66 గ్రాములు. హాలీ రూపాయి 11.18 గ్రాములే, దాని వెండి కూడా నూటికి 81.8 పాళ్ళే. రెండూ పక్కపక్కన తూచి, మనది తక్కువ తూగింది కాబట్టి పల్చటి బిళ్ళ ఎర్రర్ అని ఒకాయన నాతో వాదించాడు. దేని కాటా దానిదే.

వహమ్ మనలాంటి మామూలు మనుషులకే పడుతుందనుకోకండి. మా దాదీ రూపాయి పడిన రోజుల్లోనే, 1911లో, ఐదో జార్జి బాద్‌షా కొత్త రూపాయి బయటికి వచ్చింది. ఆయన అంగీ మీది హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంది. తొండం, కాళ్ళు పొట్టిగా చెక్కడంతో జనానికి అది పందిలా కనిపించింది. బాద్‌షా గుండెల మీద పంది! ముస్లింలు నొచ్చుకున్నారు, బజార్లో గగ్గోలైంది. హుకూమత్ ఆ సిక్కాలు ఆపేసి, చాలా వాటిని వెనక్కి తీసుకుని కరిగించి, 1912లో ఏనుగుని ఏనుగులా కనిపించేట్టు కొత్త ఠప్పా చేయించింది. టక్సాల్లో ఏ యంత్రమూ గల్తీ చెయ్యలేదు. చెక్కినవాడు ఏనుగునే చెక్కాడు. చూసినవాళ్ళ కళ్ళలో పుట్టిన పంది ఒక సర్కారు ఠప్పాని మార్చింది. ఇప్పుడు ఆ 1911 రూపాయిని 'పంది రూపాయి' అనే పేరుతోనే వెతుక్కుంటారు, దొరకడం తక్కువ కాబట్టి ధర కూడా బాగానే ఉంటుంది.

మన కాలంలో దీనికి తమ్ముడు పది రూపాయల బిళ్ళ. రూపాయి గుర్తు ఉన్నది అస్లీ, లేనిది నక్లీ అన్నారు. పది గీతలున్నది అస్లీ, పదిహేను గీతలది నక్లీ అన్నారు. రూపాయి గుర్తు ఖాయమైందే 2010 జులైలో, సిక్కాల మీదికి వచ్చింది 2011లో. అంతకు ముందు పడిన వాటి మీద ఎలా ఉంటుంది? 14 రకాల డిజైన్లు ఉన్నాయి, అన్నీ చెల్లుతాయి అని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలో చెప్పింది. మా గల్లీ కిరాణా భాయ్ ఇవాళ్టికీ తీసుకోడు.

ఇంతకీ మిషన్ కాలంలో అస్లీ గల్తీలు లేవా అంటే, ఉన్నాయి. ఆపా ఇంటికి చేరాక దస్తర్‌ఖాన్ మీద పాత చాదర్ పరిచి డబ్బా మొత్తం బోర్లించాం. భాంజా చిట్టా రాసుకుంటానని కూర్చున్నాడు. రూపాయి పక్కన పెట్టి ముందు చిల్లర చూద్దామన్నాను.

అంచు కొరికినట్టున్న ఇరవై పైసలు దొరికింది. కొరుకుడు గల్తీ అస్లీగా ఎలా వస్తుందంటే, లోహపు రేకులోంచి బిళ్ళలు కోసేటప్పుడు కత్తెర కాస్త జరిగి, అప్పటికే కోసిన రంధ్రం మీద పడితే ఆ మేర బిళ్ళ తగ్గిపోతుంది. దానికి ఒక గవాహి ఉంటుంది. కొరుకుడుకి సరిగ్గా ఎదుటి వైపు అంచు గట్టు కూడా పల్చగా వస్తుంది. బిళ్ళ అంచుని నొక్కి లేపేటప్పుడు ఒక పక్క ఆనుకోవడానికి లోహం లేకపోతే ఎదుటి పక్క కూడా నొక్కు పడదు. ఆపా ఇంటి ఇరవై పైసలకి ఎదుటి గట్టు దిట్టంగా ఉంది. ఎవరో కటింగ్ ప్లయర్‌తో కొరికారు. 'అది నేనే' అన్నారు మా బావ, పేపర్ మీంచి తల ఎత్తకుండా. చిన్నప్పుడు పతంగి చర్ఖాకి వాషర్ కావలసొచ్చిందట.

అక్షరాలు జంటగా కనిపించే రూపాయి ఒకటి వచ్చింది. జంట అక్షరాలంటే కొత్తవాళ్ళు పడి చస్తారు. ఠప్పాలోనే ఇబారత్ రెండుసార్లు పడి ఉంటే రెండో అక్షరం కూడా గుండ్రంగా, మొదటిదంత నిండుగా లేస్తుంది, మూలల దగ్గర చీలిక కనపడుతుంది, అక్షరం మొత్తమ్మీద లావవుతుంది. అలాకాక, దెబ్బ పడ్డాక ఠప్పా వదులుగా ఉండి కాస్త కదిలితే, లేచిన అక్షరాన్నే పక్కకి నొక్కేస్తుంది. అప్పుడు పక్కన చదునైన మెట్టులా ఉంటుంది, అసలు అక్షరం సన్నబడుతుంది. రెండోది లక్షల సిక్కాల్లో ఉంటుంది. మాది రెండోదే.

"మామూ, ఇది ఉల్టా!" అని ఇంకోటి తీశాడు. అమెరికా నుంచి మా పెద్ద భాంజా తెచ్చిన క్వార్టర్ డాలర్. మన సిక్కాని పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పితే రెండో వైపు బొమ్మ నిటారుగా ఉంటుంది. అమెరికా వాళ్ళది గోడ క్యాలెండర్ కాగితంలా కింది నుంచి పైకి తిప్పాలి. అది వాళ్ళ రివాజ్. మన రూపాయిలో బొమ్మ బాగా పక్కకి వాలి ఉంటే మాత్రం ఠప్పా వదులై తిరిగిపోయిందన్నమాట, అది గల్తీయే. అయస్కాంతం పట్టుకొచ్చాడు తర్వాత. రెండు ఒక రూపాయి బిళ్ళలు, ఒకటి అంటుకుంది, ఒకటి అంటుకోలేదు. వాడి కళ్ళు మెరిశాయి. 1990ల మొదట్లో రాగి-నికెల్ పోయి ఉక్కు వచ్చింది బేటా, సన్ చూడు.

అప్పుడు చేతికి తగిలింది ఒక పాత పావలా. ఖడ్గమృగం బొమ్మది, ఉక్కుది. 2011 జూన్ చివర్లో చెలామణీ ఆగిపోయిన రకం. దానికి రెండో వైపు మూడు సింహాలు ఉండాలి. ఉన్నాయి. ఖడ్గమృగం జాగాలో కూడా సింహాలే ఉన్నాయి, అయితే లోపలికి గుంటలా, అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా.

నేను మాట్లాడలేదు. వాడి చేతిలో పెట్టి, టక్సాల్లో ఇది ఎలా జరిగి ఉంటుందో నువ్వు చెప్పు అన్నాను.

చాలాసేపు తిప్పాడు. "ఎవరైనా ఇంకో సిక్కాని దీని మీద పెట్టి సుత్తితో కొట్టారేమో?" అన్నాడు. సవాల్ బాగుంది. అలా కొడితే ముందున్న ఖడ్గమృగం ఆనవాళ్ళు కింద మిగిలి ఉండాలి. రెండో వైపు సింహాలు నలిగిపోవాలి. చూశాడు. ఖడ్గమృగం ఆనవాలే లేదు, అటు సింహాలు తలల జూలుతో సహా పదునుగా ఉన్నాయి. "అయితే ఆ సిక్కా... మిషన్లోనే ఉండిపోయిందా?" అన్నాడు. సరిగ్గా అదే. ముందు కొట్టిన సిక్కా బయటికి రాకుండా ఒక ఠప్పాకి అతుక్కుపోయింది. తర్వాతి బిళ్ళ వచ్చింది. ఒక వైపు ఠప్పా, ఇంకో వైపు అతుక్కున్న ఆ సిక్కా మొహం. అందుకే ఒక పక్క సీదా, ఒక పక్క ఉల్టా. ప్రెస్‌లో తడి ఆరని కాగితం మీద ఇంకో కాగితం పడితే వెనక ఉల్టా అక్షరాలు పడతాయే, దానికి చిన్నాన్న కొడుకు. 

దీన్ని అమ్మితే ఎంతొస్తుందని అడిగాడు. నాకు తెలిసిన ఒక దుకాణదారుడు ఇలాంటి దానికి నాలుగు వందలు ఇచ్చాడని చెప్పాను. వాడి మొహం వాడిపోతుందనుకున్నా. వాడు పావలాని వెలుతురులో పెట్టి ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఇక మూడో ఎర్రర్ మిగిలింది. రూపాయి అంచు మీద ఎక్స్‌ట్రా మెటల్. ఠప్పా అంచు విరిగి ఆ ముక్క ఊడిపోతే సిక్కా మీద ఆ జాగాలో నున్నటి ముద్ద లేస్తుంది. అది అస్లీ గల్తీయే, వీడియోల్లో చూపించేదీ అదే. ఆ ముద్ద సిక్కా శరీరంలో భాగంగా, అదే రంగులో, బొమ్మని మింగేసి ఉంటుంది. ఇక్కడ ముద్ద బొమ్మ మీద లేదు, సిక్కా మందం మీద ఉంది. రంగు కొంచెం పసుపు. గోటితో తడిమితే గరుకు. దాని పక్కన పళ్ళ అంచు కరిగి చదునైంది. సరాఫా గల్లీకి తీసుకెళ్ళి తూయిస్తే 11.3 గ్రాములు వచ్చింది. ఉండాల్సిన దానికంటే ఎక్కువ, అదీ ఇంత అరిగిన సిక్కా.

టాంకా. అతుకు. ఎప్పుడో ఈ రూపాయికి కుందా వేసి హారంలో గుచ్చారు, తర్వాత కుందా తీసేశారు.

ఆపా చేతిలోంచి రూపాయి తీసుకుని అంచు మీద బొటనవేలు పెట్టింది. "అమ్మీ చెప్పేది, దాదీ మెళ్ళో రూపాయిల హార్ ఉండేదని. అబ్బాని హనుమకొండ హాస్టల్లో వేసినప్పటి నుంచి ఫీజు కట్టాల్సిన ప్రతిసారీ ఒక్కో రూపాయి ఊడదీసి అమ్మేదట. చివరిది అబ్బాయే అమ్మనివ్వలేదట, నౌకరీ వచ్చింది చాలు అని." ఆ హార్ ఎక్కడ పోయిందని మేమెవరం ఎప్పుడూ అడగలేదు. నేను అబ్బా చదువు గురించి రెండు వ్యాసాలు రాశాను, నాకు కూడా ఈ సంగతి తెలియదు.

సగం ఐన్‌కి ఉన్న ధరని ఈ టాంకా మచ్చ సగానికి పైగా తగ్గించేస్తుంది. అది కూడా ఆపాకి చెప్పాను, దాచలేదు. సైబర్ మోసాల నంబరు 1930కి ఫిర్యాదు రాయించాం, పోలీస్ స్టేషన్‌కీ వెళ్ళాం. పద్దెనిమిదిన్నర వేలలో ఇంతవరకు ఒక్క పైసా వెనక్కి రాలేదు. భాంజీ ఫీజు నేను సగం, బావ సగం కట్టాం.

సాయంత్రం బయల్దేరుతుంటే భాంజా రూపాయి పట్టుకొచ్చాడు. రెండో వైపు తిప్పి, కింది వరసలో మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు. "మామూ, ఇది జ్వాద్ కదా?" అవునన్నాను. "తర్వాత రే... తర్వాత బే." కలిపి చదవమన్నాను. బస్సుకి ఇంకా పావుగంట టైముంది.